మూడోసారికి పచ్చ టిక్కు

“మళ్ళీ అడుగుతున్నానని అనుకోకు,” అన్నాడు భర్త, గుమ్మంలో నిలబడి.

ఆమె అప్పుడు ఆరిన దుప్పటి మడత పెడుతోంది. రెండు మంచాలు కలిపి వేసేంత పెద్ద దుప్పటి. ఇద్దరు చెరో కొసా పట్టుకుంటే చిటికెలో అయిపోయే పని. ఒక్కరే మడిచేవాళ్ళకి మాత్రం దానికో ఉపాయం ఉంది. మధ్యభాగాన్ని గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బార్లా చాపి, రెండు అంచులూ ఒకచోటికి తేవాలి. ఆ విద్య ఆమె పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకుంది. గడ్డం కింద గుడ్డ ఇరికించుకున్న మనిషి తల ఊపలేదు, నోరు తెరవలేదు. ఆయనకి ఏదైనా అడగాలనిపించేది సరిగ్గా అలాంటప్పుడే. కావాలని కాదు, పాపం. ఆమె చేతులు ఖాళీ అయ్యేదాకా ఆగితే ఆయన జన్మలో ఏమీ అడగలేడు.

అడిగేది కొత్త విషయమేమీ కాదు. అత్తగారికి మోకాలి ఆపరేషన్. ఆసుపత్రివాళ్ళు వచ్చే నెలలో తేదీ ఇచ్చారు. ఆ తర్వాత ఆవిడ లేచి తిరిగేదాకా ఇంట్లో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి కోడలైతే బాగుంటుందని, ఆఫీసులో జీతం లేని సెలవు పెద్దదిగా ఒకటి పెట్టేస్తే ఏ గొడవా ఉండదని ఆయన ఆలోచన. మొదటిసారి అడిగినప్పుడు ఆమె వద్దంది. సగం రోజులు మీరు పెట్టండి, సగం నేను పెడతాను, పగటిపూట సాయానికి ఒక నర్సును చూద్దాం అంది. ఆయన “అలాగే, ఆలోచిద్దాం” అన్నాడు. ఆలోచించి, మళ్ళీ అదే అడిగాడు. ఆమె మళ్ళీ వద్దంది, ఈసారి కాస్త గొంతు తగ్గించి, కాస్త ఎక్కువ కారణాలు చెప్పి. ఇది మూడోసారి.

ఆయన ఏనాడూ గట్టిగా మాట్లాడలేదు. బీమా ఆఫీసులో పని, నెమ్మదస్తుడు, ఇంటాబయటా మంచివాడనే పేరు. చేయి చేసుకోవడం, కంచం విసరడం లాంటివి ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆయన చేసేదల్లా అడగడం. వద్దంటే ఊరుకుంటాడు. నాలుగు రోజులాగి మళ్ళీ అడుగుతాడు, మొదటిసారి అడుగుతున్నంత మెత్తగా. ఆమె వద్దన్న ప్రతిసారీ అది ఇంకా తేలని విషయం. సరే అన్న ఒక్కసారికి మాత్రం అది తేలిపోయిన విషయం. ఆ తర్వాత ఇక అడగడం ఉండదు. నిజంగా సరేనా అని మళ్ళీ అడిగిన పాపాన ఆయన ఒక్కసారీ పోలేదు.

అలా తేలిపోయినవి చాలా ఉన్నాయి. పెళ్ళయిన రెండో ఏడు ఆమెకు పై చదువుకి సీటొచ్చింది. వెళ్తానంది, వెళ్తాననే మళ్ళీ అంది, చివరికి సరేలే అంది. అప్పుడు అత్తగారు వీపు నిమిరి, “కాస్త సర్దుకో అమ్మా, తర్వాత చూద్దాం” అన్నారు. ఆ తర్వాత అనేది ఇంకా వస్తూనే ఉంది. ఆమె ఆఫీసుకి దూరమయ్యేలా ఇల్లు మారడం అలాగే తేలింది. చదువుకునే బల్ల పడగ్గదిలోంచి వంటింటి పక్కకు రావడం అలాగే తేలింది. ఒకసారి ఇంటికొచ్చిన స్నేహితులతో ఆయన ముద్దుగానే అన్నాడు. “మా ఆవిడ ముందు వద్దంటుంది, అది అలవాటు. కాసేపాగితే తనే సరే అంటుంది.” అందరూ నవ్వారు. టీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఆయన మీద కాదు.

దుప్పటి నాలుగు మడతలయ్యాక గడ్డానికి విముక్తి దొరికింది. “సాయంత్రం చెబుతానండీ” అంది.

సాయంత్రం చెబుతాననడం అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన మొహం తేటపడింది. తువ్వాలు భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్ళాడు. ఆమె మడిచిన దుప్పటి బీరువాలో పెట్టి, కూతురి టిఫిన్ డబ్బా మూత బిగించి, అత్తగారి మాత్రలు గిన్నెలో వేసి ఆఫీసుకు బయలుదేరింది. ఇవాళ అక్కడ కూడా మూడోసారి అడిగేవాళ్ళు ఒకరున్నారు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా దారిలో ఏమీ కనిపించలేదు ఆమెకు.

ఆఫీసులో ఆమెను పచ్చక్క అంటారు. ఎదురుగానే అంటారు, ప్రేమగానే అంటారు. ఆ పేరెందుకు వచ్చిందో చెప్పాలంటే ఆమె పని ఏమిటో చెప్పాలి. అది అంత తేలిక కాదు, ఆమె మొగుడికే ఇప్పటికీ తెలియదు.

వాళ్ళ బృందం కంప్యూటర్ భాష పైథాన్‌లో ఒక ప్రోగ్రాం రాస్తుంది. డయాలసిస్ కేంద్రాల్లో ఏ రోగికి ఏ యంత్రం, ఏ వేళకి అన్నది ఆ ప్రోగ్రామే కేటాయిస్తుంది. రాసేవాళ్ళు చాలామంది. ఎవరు ఒక్క వాక్యం మార్చినా ఆ మార్పు దానంతట అదే వందల కొద్దీ పరీక్షల గుండా నడిచి రావాలి. అన్నీ నెగ్గితే తెర మీద పచ్చ టిక్కు పడుతుంది, ఒక్కటి తప్పినా ఎర్ర ఇంటూ. పచ్చ పడితేనే ఆ మార్పు ఆసుపత్రుల దాకా వెళ్తుంది. ఆ పరీక్షలు ఎప్పుడు నడవాలి, పైథాన్ ఏ వెర్షన్ల మీద నడవాలి, బయటివాళ్ళు రాసిపెట్టిన కోడ్ లైబ్రరీలు ఏ వెర్షన్ దగ్గర ఆగాలి, చివరికి ప్యాకేజీ ఎలా కట్టాలి, ఇవన్నీ చెప్పే కాన్ఫిగరేషన్ ఫైళ్ళు కొన్ని ఉన్నాయి. వాటి ఆలనాపాలనా ఆమెది. పరీక్షల నుంచి ప్యాకేజీ దాకా జరిగే ఈ నడకంతటికీ బిల్డ్ అని పేరు.

ఇంటిపనికి ఇది సొంత చెల్లెలు. జరుగుతున్నంత కాలం ఎవరి కంటా పడదు. ఎక్కడో ఎవరో ఒక లైబ్రరీకి కొత్త వెర్షన్ వదులుతారు, ఇక్కడ ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే పొద్దున్నకి అంతా ఎర్రబారి ఉంటుంది. ఆమె అందరికన్నా ముందొచ్చి, ఏది తన్నుకుందో వెతికి, పాత వెర్షన్ దగ్గర దానికి ముకుతాడు వేసి, మళ్ళీ నడిపి, పచ్చ చేస్తుంది. మిగతావాళ్ళు కాఫీ కప్పులతో వచ్చేసరికి అంతా పచ్చగా ఉంటుంది కాబట్టి ఏమీ జరగలేదనే అనుకుంటారు. ఏడాది చివర మేనేజర్ కూర్చోబెట్టి, ఈ ఏడు మీరు కొత్తగా చేసిందేమిటని అడుగుతాడు. ఏదీ ఆగకుండా చూశానని చెబితే అది చేసిన పనిలా ఉండదు. పక్క బల్లవాడు తెరమీద ఒక కొత్త బొత్తాం పెట్టి మెప్పులు పొందుతాడు. ఏదైనా ఎర్రబడితే మాత్రం పరుగున వచ్చి, “పచ్చక్కా, నీ బిల్డ్ విరిగింది” అంటారు. విరగ్గొట్టింది వాళ్ళే, విరిగాక అది ఆమెది. ఇంట్లో కూతురు బహుమతి తెస్తే నా కూతురు, జ్వరం తెస్తే నీ కూతురు అన్నట్టు.

ఈ గోలలోకి రెండేళ్ళ కిందట ఒక అమ్మాయి వచ్చింది. చేరి ఏడాది దాటినా ఆమెను అందరూ కొత్తమ్మాయి అనే పిలిచేవారు. పెద్దగా మాట్లాడేది కాదు, మాట్లాడితే ముక్కుసూటిగా మాట్లాడేది. ఆ అమ్మాయి ఆ పరీక్షల్లోకి ఒక టెస్టు రాసింది. ఒకే ఒక్క యంత్రం ఖాళీగా ఉండి, ఇద్దరు రోగుల కోసం ఒకే క్షణంలో అడిగితే ఏమవుతుంది? ఒకరికే దక్కాలి. అంతే ఆ టెస్టు. అది చాలాసార్లు నెగ్గేది. అప్పుడప్పుడు మాత్రం, ఎవరూ ఏమీ మార్చకుండానే, తప్పేది. మళ్ళీ నడిపితే నెగ్గేది. అలా నిలకడ లేని టెస్టులకు ఈ వృత్తిలో మంచి పేరుండదు. బృందంలో దానికి తిక్క టెస్టు అని పేరు పెట్టారు. ఎవరి పని ఆగినా ఆ తిక్కదాని వల్లే అనేవారు.

మేనేజర్ పచ్చక్క దగ్గరికొచ్చి, ఆ టెస్టు తప్పినప్పుడల్లా మళ్ళీ నడిచేలా కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక లైను పెట్టమన్నాడు. ముందు అదెందుకు తప్పుతోందో చూద్దామండీ అంది ఆమె. వారం తర్వాత మళ్ళీ అడిగాడు. చూడకుండా కప్పెడితే ఎలాగండీ అంది. కొత్త విడుదల ఆసుపత్రులకు వెళ్ళాల్సిన రోజు మూడోసారి వచ్చాడు, ఆమె కోసం కాఫీ కూడా తెచ్చాడు. “మీరు తప్ప ఇంకెవరు చేస్తారు చెప్పండి,” అన్నాడు. ఆ మాటకి ఆమె ఎప్పుడూ పడిపోయేది, ఇంట్లోనూ. లైను పెట్టింది. తప్పితే మళ్ళీ నడుపు, మూడుసార్ల దాకా నడుపు, ఒక్కసారి నెగ్గినా నెగ్గినట్టే. ఆ రోజు తిక్క టెస్టు రెండుసార్లు తప్పి, మూడోసారి నెగ్గింది. పచ్చ టిక్కు పడింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

కొత్తమ్మాయి ఆ మధ్యాహ్నం ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. “అక్కా, అది తిక్కది కాదు,” అంది. “దానికేదో కనబడుతోంది. అన్నిసార్లూ కనబడకపోవచ్చు. కానీ తప్పిన ఆ ఒక్కసారి అది చెప్పేది నిజమే.”

“కాస్త సర్దుకో అమ్మా, తర్వాత చూద్దాం,” అంది పచ్చక్క.

మాట నోరు దాటాక గుర్తొచ్చింది, అది ఎవరి మాటో. వీపు మీద ఆ చేయి పడినప్పుడు తనకెలా అనిపించిందో కూడా గుర్తొచ్చింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. తెర వైపు తిరిగి, ఏదో పనున్నట్టు కీబోర్డు మీద వేళ్ళు ఆడించింది. ఆ అమ్మాయి ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

తర్వాత మీటింగులో కొత్తమ్మాయి అదే మాట మళ్ళీ ఎత్తింది. మరో మీటింగులో మళ్ళీ. మొండిదన్నారు, నలుగురితో కలవదన్నారు. ప్రోగ్రాం రాసే పని తీసేసి, వాడేవాళ్ళకు సూచనలు రాసే పనిలో పెట్టారు. కొన్ని నెలలకి ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది. వెళ్ళే రోజున చెప్పి పోదామని పచ్చక్క బల్ల దగ్గరికొస్తే, ఆమె ఎర్రబడిన బిల్డ్ ఒకటి ముందేసుకుని, తల తిప్పకుండానే చేయి ఊపింది. ఆ చేయి ఊపడం ఒక్కటీ వెనక్కి తెచ్చుకోగలిగితే ఏమైనా ఇచ్చేది ఇప్పుడు.

ఎందుకంటే పోయిన వారం జరగనే జరిగింది. ఒక కేంద్రంలో ఒకే యంత్రం ఒకే వేళకి ఇద్దరికి రాసి ఉంది. ఒకాయన, ఒక ముసలావిడ. ఇద్దరూ సరిగ్గా వేళకే వచ్చారు. ఆయన నా పేరుంది చూడండని కేకలేశాడు, ఆయన్నే మంచం ఎక్కించారు. ముసలావిడను రేపు రమ్మన్నారు. ఆవిడ కాసేపు బల్ల మీద కూర్చుని, సంచీ తీసుకుని ఇంటికెళ్ళిపోయింది. మర్నాటికి ఊపిరాడక ఆసుపత్రిలో పడింది. ప్రాణం దక్కింది. కేంద్రం వాళ్ళు పంపిన వివరాల్లో చివరన ఒక మాటుంది. రోగి అభ్యంతరం చెప్పలేదు. ఆ మాట చదివాక ఆమె లేచి చేతులు కడుక్కునే చోటికెళ్ళి, కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

ఇప్పుడు సంగతేమిటంటే, ఇది ఎందుకు జరిగిందో పైవాళ్ళకి ఇవాళ చెప్పాలి. మేనేజర్ దగ్గర కారణం తయారుగా ఉంది. టెస్టు నమ్మదగ్గది కాదు, రాసిన మనిషి దాన్ని సరిచెయ్యకుండానే మానేసి వెళ్ళింది. వెళ్ళిపోయినవాళ్ళ మీద వెయ్యడమంత సుఖం ఇంకోటి లేదు, వాళ్ళొచ్చి కాదనరు. పచ్చక్క అవునంటే చాలు, ఆ మాటకు బలం వస్తుంది. మొదట అడిగినప్పుడు అది నిజం కాదు కదండీ అంది. నిన్న వరండాలో ఆపి మళ్ళీ అడిగాడు. మీ పేరు ఎక్కడా రాదు, మీ మంచికే చెబుతున్నానన్నాడు. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంకెక్కడో ఉద్యోగం వెతుక్కుంటోందని, ఇలాంటి మచ్చ పడితే ఎవరూ తీసుకోరని ఇద్దరికీ తెలుసు. ఆమె రేపు మాట్లాడదామండీ అంది. సాయంత్రం చెబుతానండీ అన్నట్టే.

మీటింగుకి ఇంకా వేళుంది. ఆమె కంప్యూటర్ తెరిచి కాన్ఫిగరేషన్ ఫైలు చూస్తూ కూర్చుంది. మూడుసార్లు నడుపు, ఒక్కసారి నెగ్గినా నెగ్గినట్టే. ఎంత చిన్న లైను. ఎన్నాళ్ళుగానో దీని కిందే కదా తను బతుకుతోంది అనిపించింది. వద్దన్న రెండుసార్లు ఎక్కడా లెక్కకు రావు. సరే అన్న మూడోసారే నిజం, తక్కినవి తిక్క. ఇంట్లో ఆ సూత్రాన్ని తన మీద వేరేవాళ్ళు పెట్టారు, బాగానే ఉంది, ఏడవడానికైనా వీలుంది. ఇక్కడ దాన్ని తన చేత్తో తనే రాసింది. నిజం చెబుతున్నదాని నోరు ఎలా నొక్కాలో ఆమెకెవరూ నేర్పక్కర్లేకపోయింది, అంత బాగా వచ్చు. బతుకంతా జాలిపడింది తన మీద తనే. ఆ అమ్మాయి మీద కాస్త పడి ఉంటే ఒక ముసలావిడ సంచీ పట్టుకుని ఇంటికెళ్ళేది కాదు.

లైను తీసేసింది. పరీక్షలు నడిపింది. మొదటిసారి పచ్చ పడింది, రెండోసారి కూడా. ఆమె నడుపుతూనే ఉంది. కాసేపటికి ఎర్ర ఇంటూ పడింది. దాన్ని అలాగే వదిలేసింది. పక్క బల్లవాడు కుర్చీలోంచే మెడ చాచి, “పచ్చక్కా, నీ బిల్డ్ విరిగింది,” అన్నాడు. తెలుసులే, ఉండనీ అంది. వాడికి అది మింగుడు పడలేదు, ఇంకోసారి చెప్పి చూశాడు.

మీటింగు గదిలో పెద్ద తెర మీద ఇద్దరు పై అధికారులు, బల్ల చుట్టూ బృందం. మేనేజర్ జరిగింది చెప్పుకొచ్చి, మాట మధ్యలో ఆమె వైపు తిరిగాడు. చాలా మర్యాదగా అడిగాడు. “ఆ టెస్టు నమ్మదగ్గది కాదు కదండీ?”

ఇంత వయసొచ్చి కాదనడానికి ఇంత భయమేమిటని సిగ్గేసింది ఆమెకు.

“నమ్మదగ్గదేనండీ,” అంది. “నమ్మనిది మనం. అది తప్పిన ప్రతిసారీ నిజమే చెప్పింది. దాన్ని రాసిన అమ్మాయి కూడా చెప్పింది, నాకే వచ్చి చెప్పింది. తప్పితే మళ్ళీ నడపమని లైను పెట్టింది నేను. మీరు అడిగారు, నేను రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి పెట్టింది మాత్రం నా చెయ్యే.”

తెర మీది అధికారుల్లో ఒకావిడ ఏదో రాసుకుంది. ఇంకొకాయన, దీని మీద విడిగా విచారణ ఉంటుందన్నాడు. మేనేజర్ ఆమె వైపు చూడలేదు. మీటింగు అయ్యాక రోజూ ఆమెతో టీకి వచ్చే ఇద్దరూ పనుందని మొహం చాటేశారు. నిజం చెప్పినవాళ్ళ గుండె తేలికపడుతుందంటారు. ఆమెకేం తేలికపడలేదు. ఇంత చిన్న మాట ఏడాది కిందట చెప్పి ఉండొచ్చు కదా అన్న ఒక్క ఆలోచనే రోకలిలా దంచింది.

మధ్యాహ్నం మెట్ల దగ్గరికెళ్ళి కొత్తమ్మాయికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఎత్తదేమో అనుకుంది, ఎత్తింది. “చెప్పండి,” అంది. అక్కా అనలేదు. ఆమె జరిగిందంతా చెప్పింది, యంత్రం సంగతి, తను మీటింగులో అన్నది, అన్నీ.

“ఆ పెద్దావిడ ఎలా ఉన్నారండీ?” అని అడిగింది ఆ అమ్మాయి అంతా విని. మీటింగులో ఎవరూ అడగని మాట అది. ఆమె కూడా అడగలేదు.

బాగానే ఉన్నారట అంది. తర్వాత, తప్పు నాదమ్మా, ఆ రోజు నీ మాట వినాల్సింది, క్షమించు అంది. పొద్దుట్నుంచీ కూడబలుక్కున్న మాటలన్నీ ఆ రెండు ముక్కల్లోకి కుదించుకుపోయాయి.

“సరేలెండి,” అంది ఆ అమ్మాయి.

ఆ సరేలెండి ఎలాంటిదో ఈ లోకంలో పచ్చక్కకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మాట పొడిగించడం ఇష్టం లేక, ఎదుటి మనిషిని పంపించెయ్యడానికి అనే సరే అది. దాన్ని మన్నింపు కింద జమకట్టుకోకూడదనుకుంది. ఉంటానమ్మా అని ఫోన్ పెట్టేసింది. మెట్ల మీద కూర్చుని, ఇంకోసారి చేసి బతిమాలుదామా అని ఫోన్ వైపు చూసి, చెయ్యకుండా లేచింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు బాల్కనీలో కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బఠాణీలు ఒలుస్తున్నారు. కూతురు లోపల లెక్కలు చేసుకుంటోంది. భర్త తొందరగా వచ్చేశాడు. టీ కూడా తనే పెట్టాడు, ఆమెకో కప్పు మూతేసి ఉంచాడు. అది చూడగానే ఆమెకు పొద్దుటి మాట గుర్తొచ్చింది. ఆయన పేరు పెట్టడానికి లేని మనిషి అని మళ్ళీ అనిపించింది. ఎప్పుడూ అదే కదా చిక్కు.

“సాయంత్రం చెబుతానన్నావు,” అన్నాడు కప్పు అందిస్తూ.

“వద్దండీ,” అంది. “మొదట చెప్పిందే. సగం మీరు, సగం నేను.”

ఆయన నొచ్చుకున్నాడు. కోపం కాదు, నిజంగానే నొచ్చుకున్నాడు. నా కోసం అడుగుతున్నానా, అమ్మ కోసం కదా అన్నాడు. మా ఆఫీసులో అంత సెలవు ఎవరిస్తారు అన్నాడు. ఆమె టీ తాగడం మొదలుపెట్టింది, చెప్పేశాక ఇంకేం చెబుతుంది. ఆయన బాల్కనీ వైపు తిరిగి, “అమ్మా, నువ్వైనా చెప్పు,” అన్నాడు.

అత్తగారు పళ్ళెంలోంచి తలెత్తలేదు. “నన్నెందుకు మధ్యలోకి లాగుతావురా,” అన్నారు. “నేను అసలు ఆపరేషనే వద్దన్నాను కదా.”

“మళ్ళీ మొదలెట్టావా. మొన్న సరే అన్నావు కదమ్మా,” అని నవ్వాడు ఆయన.

ఆమెకు ఆ మొన్నటి సంగతి గుర్తొచ్చింది. ఆవిడ చేత సరే అనిపించింది ఆయన కాదు. తనే. అత్తగారు మొదట ససేమిరా అన్నారు. ఈ నొప్పితో ఎన్నాళ్ళనుంచో ఉన్నాను, ఇది నాకు అలవాటే, కోయించుకోవాలంటేనే భయంగా ఉంది అన్నారు. డాక్టరు, తప్పనిసరేమీ కాదు, చేయించుకుంటే మంచిది అన్నాడంతే. భర్త ఆ మాటే పట్టుకుని, నువ్వు చెబితే వింటుంది, నువ్వు తప్ప ఎవరు చెబుతారు అన్నాడు. ఆమె అడిగింది. వద్దన్నారు. మళ్ళీ అడిగింది. మూడోసారి మంచం పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, సరే అనండి అత్తయ్యా, అందరికీ సుఖంగా ఉంటుంది అంది. ఆవిడ గోడ వైపు చూస్తూ, మీ ఇష్టం అన్నారు. మీ ఇష్టాన్ని సరే కింద రాసేసుకుని, ఆ మర్నాడే ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ తీసుకుంది. ఆ రోజు భర్త ఆమెను మెచ్చుకున్నాడు కూడా. ఆమెకు ముచ్చటేసింది.

ఇన్నేళ్ళూ తనొక్కతే ఈ ఇంట్లో అడిగించుకుంటోంది అనుకుంది. అడిగేవాళ్ళలో తనూ ఉంది. సర్దుకో అమ్మా అని అప్పుడు తన వీపు నిమిరిన ఆ మనిషి, అంతకుముందు ఎన్నిసార్లు ఎన్ని వద్దులు మింగి ఉంటుందో ఒక్కసారైనా అడగలేదు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

కప్పు కింద పెట్టి, బాల్కనీలోకి వెళ్ళి, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. పళ్ళెంలోంచి ఒక కాయ తీసుకుంది.

“అత్తయ్యా,” అంది, “నా కోసం కాదు, ఆయన కోసం కాదు. మీకు చేయించుకోవాలని ఉందా?”

అత్తగారు కోడలి మొహంలోకి చూశారు, ఇందులో ఇంకో మెలిక ఏముందా అన్నట్టు. ఒక కాయ ఒలిచి గింజలు పళ్ళెంలో రాల్చారు. ఇంకోటి ఒలిచారు.

“లేదమ్మా,” అన్నారు. గొంతు చాలా చిన్నగా ఉంది, ఆ మాట వాడి చాలా కాలమైనట్టు. “వద్దు.”

వెనకాల గుమ్మంలో భర్త తల అడ్డంగా ఊపాడు. “అమ్మ అలాగే అంటుంది,” అన్నాడు ఓపిగ్గా. “కాసేపాగి మళ్ళీ అడుగుదాంలే.”

“ఎందుకండీ,” అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే. “ఇద్దరం చెప్పాం కదా.”